మానవ కణాలపై ఫాస్ గ్రాహకాన్ని గుర్తించడం: యాంటీబాడీ ఎంపిక నుంచి ఫలితం నమోదు దాకా

ఫాస్ అనేది కణం ఉపరితలంపై ఉండి, మరణ సంకేతాన్ని కణం లోపలికి పంపే ప్రోటీన్. ఈ గ్రాహకం కోసం యాంటీబాడీని ఎంచుకునేటప్పుడు కేటలాగులో చాలామంది మొదట చూసేది దానికి తగిలించిన రంగు. మొదట అడగవలసిన ప్రశ్న మాత్రం వేరు: ఈ యాంటీబాడీ గ్రాహకాన్ని కేవలం చూపిస్తుందా, లేక దాన్ని మేల్కొలిపి కణాన్ని చంపుతుందా? ఇన్సులిన్ గ్రాహకానికో మరొక సాధారణ ఉపరితల ప్రోటీనుకో వాడే యాంటీబాడీ విషయంలో ఈ ప్రశ్నకు అంత బరువు ఉండదు. ఫాస్ విషయంలో ప్రయోగం మొత్తం దీనిపైనే నిలబడుతుంది, ఎందుకంటే ఈ గ్రాహకం శాస్త్రవేత్తల కంటబడిందే చంపే యాంటీబాడీల ద్వారా. 1989లో జపాన్‌లో షిన్ యోనెహారా బృందం, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పీటర్ క్రామర్ బృందం విడివిడిగా ఎలుకలకు మానవ కణాలను ఎక్కించి, తయారైన యాంటీబాడీలలో కణాలను చంపే వాటిని ఏరి పట్టుకున్నాయి. మొదటి బృందం ఆ లక్ష్యానికి ఫాస్ అనీ, రెండో బృందం అపో-1 అనీ పేరు పెట్టాయి. ఆ రెండూ ఒకే ప్రోటీన్ అని తర్వాత తేలింది. షిగెకాజు నగాటా బృందం దాని జన్యు ప్రతిని వేరుచేసింది 1991లో, అంటే యాంటీబాడీ ముందు పుట్టింది, ప్రోటీన్ నిర్మాణం తర్వాత తెలిసింది.

ఆర్డరు పెట్టే ముందు పేర్ల చిక్కును తేల్చుకోవాలి. ఈ ఒక్క గ్రాహకమే ఫాస్, అపో-1, సీడీ95, టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్6 అనే పేర్లతో కేటలాగులలో కనిపిస్తుంది. అవన్నీ ఒకటే కనుక దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఒకే పొడి అక్షరాలను పంచుకునే మరో ప్రోటీనుతో వస్తుంది. కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమును కూడా పాత పత్రాలలో, కొన్ని సీసాల మీద ఇవే మూడు ఇంగ్లీషు అక్షరాలతో (FAS) రాస్తారు. అది దాదాపు 270 కిలోడాల్టన్ల భారీ ప్రోటీన్, కణం లోపల ఉంటుంది, కణ మరణ గ్రాహకంతో దానికి ఏ బంధుత్వమూ లేదు. అలాగే ఫాస్‌కు వచ్చి అతుక్కునే లైగాండ్‌పై తయారైన యాంటీబాడీలు కూడా అదే వరుసలో, ఒక్క అక్షరం తేడాతో కనిపిస్తాయి. కాబట్టి పేరును నమ్మకుండా, ఉత్పత్తి పత్రంలో ఇచ్చిన యూనిప్రాట్ (ప్రోటీన్ల సమాచార నిధి) సంఖ్య పీ25445 అవునో కాదో చూసుకోవాలి. మానవ ఫాస్ సంఖ్య అదే. ఏ జీవి కణాలపై పనిచేస్తుందో కూడా అక్కడే చదవాలి, ఎందుకంటే మానవ ఫాస్‌పై బాగా పనిచేసే క్లోన్లు (ఒకే కణ వంశం నుంచి వచ్చే, ఒకేలా ఉండే యాంటీబాడీలు) సాధారణంగా ఎలుక ఫాస్‌ను పట్టుకోవు. ఎలుక కణాలకు జో2 వంటి వేరే క్లోన్లు ఉన్నాయి.

ప్రోటీన్ నిర్మాణం గురించి కొంచెం తెలిస్తే క్లోన్ ఎంపిక సగం తేలిపోతుంది. మానవ ఫాస్ పూర్తి రూపంలో 335 అమైనో ఆమ్లాల గొలుసు. మొదటి 25 సంకేత భాగంగా తెగిపోతాయి. మిగిలిన దానిలో సుమారు 150 అమైనో ఆమ్లాలు కణం వెలుపల ఉంటాయి, తర్వాత పొరను దాటే చిన్న ముక్క, ఆ తర్వాత కణం లోపలి తోక వస్తాయి. వెలుపలి భాగంలో సిస్టీన్ అధికంగా ఉన్న మూడు మడతలు ఉన్నాయి, వాటిని డైసల్ఫైడ్ బంధాలు పట్టి ఉంచుతాయి. లోపలి తోకలో ఉన్న డెత్ డొమైన్ అనే భాగమే మరణ సంకేతాన్ని ముందుకు పంపుతుంది: గ్రాహకాలు గుంపుగా చేరినప్పుడు ఫాడ్ అనే ప్రోటీన్ వచ్చి అక్కడ అతుక్కుంటుంది, అది ప్రోకాస్పేజ్-8ను రప్పిస్తుంది, అక్కడినుంచి కణాన్ని కూల్చే ఎంజైములైన కాస్పేజ్‌ల వరుస మొదలవుతుంది. ఒంటరి గ్రాహకానికి యాంటీబాడీ అతుక్కున్నంత మాత్రాన సాధారణంగా ఏమీ జరగదు; ఒక చేత్తో చప్పట్లు మోగనట్టే ఇక్కడా కొన్ని గ్రాహకాలు ఒకచోటికి చేరాలి.

ఇప్పుడు క్లోన్ల తేడా అర్థమవుతుంది. యోనెహారా బృందం తయారుచేసిన సీహెచ్11 ఐజీఎం తరగతికి చెందినది. ఒక్కో ఐజీఎం అణువుకు పది అతుకు స్థానాలు ఉంటాయి కనుక అది ఒకేసారి ఎన్నో గ్రాహకాలను దగ్గరికి లాగి కణాన్ని చంపగలదు. జెడ్‌బీ4 దీనికి పూర్తి వ్యతిరేకం: ఇది ఐజీజీ1, ఫాస్‌కు అతుక్కుని మరణ సంకేతాన్ని అడ్డుకుంటుంది. కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి వాటి రంగు కాంతిని కొలిచే ఫ్లో సైటోమెట్రీలో ఎక్కువగా వాడేది డీఎక్స్2, ఇదీ ఎలుక ఐజీజీ1 యే. కణాలను చల్లగా ఉంచి రంగు వేయడానికి ఇది చక్కగా సరిపోతుంది. అయితే దాన్ని నిరపాయమైనదిగా భావించి 37 డిగ్రీల వద్ద వదిలేయకూడదు, ఎందుకంటే పైనుంచి రెండో యాంటీబాడీ వేసి దాని అణువులను ఒకదానికొకటి కట్టిపడేస్తే ఇది కూడా మరణ సంకేతం పంపగలదు. ఇవి మూడూ వెలుపలి భాగపు మడతను గుర్తిస్తాయి. ప్రోటీన్లను జెల్‌పై బరువు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే వెస్టర్న్ బ్లాట్‌కు మాత్రం లోపలి తోకలోని వరుసపై, ముఖ్యంగా గొలుసు ఆఖరి కొన అయిన సీ-చివరపై, కుందేలులో తయారుచేసిన యాంటీబాడీలు మేలు. ఒకే యాంటీబాడీతో ఫ్లో, బ్లాట్, కణజాలం, చంపే పరీక్ష అన్నీ చేసేయవచ్చని చెప్పే ఉత్పత్తి పత్రం కనిపిస్తే, ప్రతి పనికీ ఆధారంగా చూపిన చిత్రం ఉందో లేదో చూసిన తర్వాతే నమ్మడం మంచిది.

ఫ్లో సైటోమెట్రీతో కొలవడం

ఉపరితల ఫాస్‌ను కొలవడానికి ఇదే అత్యంత నమ్మదగిన పద్ధతి, అందుకే దీనిపై ఎక్కువ సమయం వెచ్చించాలి. ముందుగా యాంటీబాడీ మోతాదును తేల్చుకోవాలి. తయారీదారు సూచించిన మోతాదు వాళ్ల కణాలకు, వాళ్ల యంత్రానికి సంబంధించినది. పది లక్షల జర్కాట్ కణాలను (ప్రయోగశాలలో పెంచే ఒక మానవ టీ కణ రకం) 100 మైక్రోలీటర్ల బఫరులో ఉంచిన ఆరు గొట్టాలు తీసుకుని, వాటిలో వరుసగా 2, 1, 0.5, 0.25, 0.12, 0.06 మైక్రోగ్రాముల యాంటీబాడీ వేయాలి. ఫాస్ జన్యువును జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో తొలగించిన జర్కాట్ కణాలు అందుబాటులో ఉంటే వాటిని కూడా అదే వరుసలో పక్కన నడపాలి. ఫలితాలు వచ్చాక, ఫాస్ ఉన్న కణాల మధ్యస్థ కాంతి విలువలోంచి ఫాస్ లేని కణాల మధ్యస్థ విలువను తీసివేసి, వచ్చినదాన్ని ఫాస్ లేని కణాల ప్రామాణిక విచలనానికి రెట్టింపుతో భాగించాలి. ఈ సంఖ్య ఏ గొట్టంలో అత్యధికంగా ఉందో అదే సరైన మోతాదు. మోతాదు పెంచినకొద్దీ కాంతి పెరుగుతూనే ఉంటుంది కానీ, ఒక హద్దు దాటాక ఆ పెరుగుదల అంతా ఫాస్ లేని కణాల వైపే కనిపిస్తుంది. అది గుర్తింపు కాదు, జిగట మాత్రమే.

రంగు ఎంపికలో కూడా ఫాస్ ఎంత ఉందో ఆలోచించాలి. రక్తంలోని, ఇంకా తమ లక్ష్యాన్ని కలవని నైవ్ టీ కణాలపై ఫాస్ చాలా తక్కువ, జ్ఞాపక టీ కణాలపై స్పష్టంగా ఎక్కువ. టీ కణాలను విభజనకు పురికొల్పే పీహెచ్‌ఏతో గానీ సీడీ3 యాంటీబాడీతో గానీ ఉత్తేజపరిస్తే మరింత పెరుగుతుంది. ఇంత తేడాను చూడాలంటే పీఈ, ఏపీసీ వంటి ప్రకాశవంతమైన రంగులు కావాలి. ఎఫ్‌ఐటీసీ వంటి మసక రంగు, అందులోనూ కణాల సొంత వెలుగు ఉన్న చోట, తక్కువ ఫాస్‌ను దాచేస్తుంది.

కణాలను తయారుచేసేటప్పుడు జరిగే నష్టం తరచుగా యాంటీబాడీ ఖాతాలో పడుతుంది. డిష్‌కు అతుక్కుని పెరిగే కణాలను ట్రిప్సిన్‌తో ఊడదీస్తే ఆ ఎంజైము ఉపరితల ప్రోటీన్లను కూడా కొరుకుతుంది. దానికి బదులు కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)లో 2 నుంచి 5 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియం వంటి లోహ అయాన్లను పట్టేసే రసాయనం) వేసి, ఓపికగా ఊడివచ్చేదాకా ఆగాలి. ట్రిప్సిన్ తప్పనిసరి అయితే, ఊడదీసిన కణాలను మాధ్యమంలో కొన్ని గంటలు ఉంచి ఉపరితల ప్రోటీన్ తిరిగి పైకి వచ్చే అవకాశం ఇవ్వాలి. అప్పుడు ఆ విషయాన్ని ఫలితంతోపాటు రాసి ఉంచాలి.

రంగు వేసే బఫరు పీబీఎస్, అందులో 1 నుంచి 2 శాతం దూడ సీరం, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.1 శాతం సోడియం అజైడ్ అయితే చాలు. కణాలను 300 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, పైనున్న ద్రవాన్ని వంపేసి, చల్లని బఫరులో కలపాలి. మోనోసైట్లు ఉన్న నమూనా అయితే ముందుగా మానవ ఎఫ్‌సీ బ్లాకు వేసి 10 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే మోనోసైట్లపై ఉండే ఎఫ్‌సీ గ్రాహకాలు యాంటీబాడీ తోకను పట్టుకుంటాయి. తర్వాత ఫాస్ యాంటీబాడీ వేసి, మంచు మీద, చీకటిలో 30 నిమిషాలు ఉంచాలి. మంచు, అజైడ్ రెండూ ఇక్కడ అలంకారం కాదు. వెచ్చగా ఉంచితే గ్రాహకం ఒకచోట గుమికూడి లోపలికి జారిపోతుంది, అప్పుడు ఉపరితల కొలత తగ్గుతుంది. ఆ తర్వాత రెండు సార్లు బఫరుతో కడగాలి. చనిపోయిన కణాలు ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటాయి కాబట్టి జీవ-మృత కణాల రంగు తప్పక కలపాలి. ఫాస్ వంటి మరణ గ్రాహకంపై చేసే ప్రయోగంలో మృత కణాలు ఉండడం సహజం కనుక ఇది మరీ అవసరం. కణాలను వెంటనే యంత్రంలో చూస్తే 7-ఏఏడీ సరిపోతుంది. 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి తర్వాత చూడాలనుకుంటే 7-ఏఏడీ పనికిరాదు. అప్పుడు ప్రోటీన్ల అమైన్ భాగాలకు అతుక్కునే, స్థిరీకరణకు తట్టుకునే రంగును యాంటీబాడీకి ముందే వేయాలి.

ఫాస్ ఉన్న కణాలను, లేని కణాలను వేరుచేసే హద్దు గీయడం గురించి ఒక మాట. ఐసోటైప్ కంట్రోల్‌తో (అదే తరగతికి చెంది, ఏ లక్ష్యమూ లేని యాంటీబాడీతో) హద్దు గీసే అలవాటు పాతది, తేలికైనదీను. కానీ ఎలుక ఐజీజీ1 ఐసోటైప్ అణువుకు తగిలిన రంగుల సంఖ్య, దాని గాఢత మీ యాంటీబాడీతో సరిపోలకపోతే ఆ హద్దుకు అర్థం లేదు. అనేక రంగులు కలిపిన పలకలో ఫాస్ ఒక్కటి మినహాయించి మిగతా రంగులన్నీ వేసిన గొట్టమే సరైన ఆధారం. ఉదాహరణకు 2011లో వివరించిన మూలకణ-జ్ఞాపక టీ కణాలను నైవ్ టీ కణాల నుంచి వేరుచేసే ముఖ్య గుర్తులలో సీడీ95 ఒకటి. ఆ కణాలు సీడీ45ఆర్‌ఏ, సీసీఆర్7 అనే ఉపరితల గుర్తుల విషయంలో నైవ్ కణాల్లాగే కనిపిస్తాయి, చాలా అరుదుగా ఉంటాయి. హద్దు కొంచెం ఎడమకు జరిగినా నైవ్ కణాలు వరదలా లోపలికి వచ్చేస్తాయి. ఈ లెక్కలో హద్దు ఎక్కడ పెట్టారో చెప్పకుండా శాతం మాత్రమే చెబితే ఆ శాతాన్ని ఎవరూ పోల్చి చూడలేరు.

వెస్టర్న్ బ్లాట్‌లో

ఇక్కడ మొదటి తప్పటడుగు ఫ్లోలో వాడిన క్లోన్‌నే బ్లాట్‌కు తెచ్చుకోవడం. డైసల్ఫైడ్ బంధాలను విడగొట్టే బీటా-మెర్కాప్టోఇథనాల్ లేదా డీటీటీ వేసిన వెంటనే వెలుపలి మడతలు విప్పుకుంటాయి, మడతను గుర్తించే యాంటీబాడీ చేతికి ఏమీ దొరకదు. అటువంటి క్లోన్ తప్ప వేరేది లేకపోతే ఆ రసాయనం వేయకుండా ఒకసారి ప్రయత్నించవచ్చు. లేదంటే సీ-చివరపై తయారైన కుందేలు యాంటీబాడీతో మామూలు పద్ధతిలోనే చేయాలి. కణాలను 1 శాతం ట్రైటన్ ఎక్స్-100 లేదా ఎన్‌పీ-40 ఉన్న ద్రావణంతో, ప్రోటియేజ్ నిరోధకాలు వేసి, మంచు మీద కరిగించి, 20 నుంచి 40 మైక్రోగ్రాముల ప్రోటీనును 10 శాతం జెల్‌పై నడపడం ఆరంభానికి సరిపోతుంది. పొరలో ఉండే ప్రోటీన్లు 95 డిగ్రీల వద్ద ఎక్కువసేపు మరిగిస్తే ముద్దకట్టి జెల్ నోటిలోనే ఉండిపోవచ్చు కాబట్టి 70 డిగ్రీల వద్ద 10 నిమిషాల నమూనాను పక్కన పెట్టి పోల్చుకోవాలి.

గీత ఎక్కడ రావాలి అన్న దానిపై కొత్తవారికి కలవరం సహజం. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఫాస్ 38 కిలోడాల్టన్లకు మించకూడదు. కానీ వెలుపలి భాగానికి చక్కెర గొలుసులు అతుక్కుని ఉండడం వల్ల జెల్‌పై 40 నుంచి 50 కిలోడాల్టన్ల మధ్య, పదునుగా కాకుండా కాస్త పరుచుకున్నట్టుగా, ఒక్కోసారి రెండు మూడు గీతలుగా కనిపిస్తుంది. ఆ పరుచుకున్న గీత నిజంగా ఫాసేనా అని సందేహం ఉంటే నమూనాలో సగాన్ని పీఎన్‌గేజ్-ఎఫ్ ఎంజైముతో కలిపి ఉంచి, రెండు సగాలనూ పక్కపక్క గళ్లలో నడపాలి. ఎన్-బంధ చక్కెరలు తెగిపోయి గీత కిందికి దిగి సన్నబడితే సందేహం చాలావరకు తీరుతుంది. ఫాస్ తొలగించిన కణాల నమూనాలో ఆ గీత పూర్తిగా మాయమైతే ఇంకేమీ వెతకనక్కరలేదు.

సమాన లోడింగ్ చూపించడానికి చాలామంది అలవాటుగా బీటా-ఆక్టిన్ వాడతారు. అది 42 కిలోడాల్టన్ల వద్ద, సరిగ్గా ఫాస్ పరిధిలోనే వస్తుంది. అదే పొరపై ఒకదాని తర్వాత ఒకటి వేస్తే ఏ గీత దేనిదో తేల్చడం కష్టం. 120 కిలోడాల్టన్ల పరిసరాలలో వచ్చే విన్‌క్యులిన్‌ను ఎంచుకుంటే ఆ తలనొప్పి ఉండదు. యాంటీబాడీతో ప్రోటీనును ద్రావణంలోంచి లాగే ఇమ్యునోప్రెసిపిటేషన్‌లో ఇదే ఇబ్బంది మరో రూపంలో వస్తుంది: యాంటీబాడీ భారీ గొలుసు 50 కిలోడాల్టన్ల వద్ద ఫాస్‌ను కప్పేస్తుంది. లాగడానికి ఎలుక యాంటీబాడీని, చూడడానికి కుందేలు యాంటీబాడీని వాడి, రెండో యాంటీబాడీ ఎలుక ఐజీజీని అసలు పట్టుకోనిదిగా ఎంచుకోవాలి.

చంపే పరీక్ష

గ్రాహకం ఉండడం ఒకటి, అది పనిచేయడం మరొకటి. పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలంటే సీహెచ్11 వంటి ఉత్తేజపరిచే క్లోన్ కావాలి, అది కూడా అజైడ్ లేని, ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) తక్కువగా ఉన్న రూపంలోనే. అజైడ్ స్వయంగా కణాలకు విషం కనుక, అజైడ్ ఉన్న సీసాతో చంపే పరీక్ష చేస్తే కణాలు ఎవరి చేతిలో చచ్చాయో తెలియదు. జర్కాట్ కణాలకు మిల్లీలీటరుకు 50 నుంచి 500 నానోగ్రాముల మధ్య కొన్ని మోతాదులు వేసి, 37 డిగ్రీల వద్ద ఉంచి, 4 గంటల దగ్గరా రాత్రి గడిచాకా చనిపోతున్న కణాల పొరకు అతుక్కునే అనెక్సిన్-5తో చూడాలి. అనెక్సిన్ అతుక్కోవడానికి కాల్షియం కావాలి. ఫ్లోకు వాడిన ఈడీటీఏ బఫరును అలవాటు కొద్దీ ఇక్కడికి తెస్తే చనిపోతున్న కణాలు కూడా ఆరోగ్యంగా కనిపిస్తాయి.

దీనికి తోడుగా నాలుగు గొట్టాలైనా ఉండాలి. ఒకదానిలో ఏ లక్ష్యమూ లేని ఎలుక ఐజీఎం. ఒకదానిలో సీహెచ్11కు గంట ముందు వేసిన జెడ్‌బీ4, దీనితో మరణం ఆగాలి. ఒకదానిలో కాస్పేజ్‌లను ఆపే జెడ్-వాడ్-ఎఫ్‌ఎమ్‌కే. మరొకదానిలో కాస్పేజ్-8 లేని జర్కాట్ రకం ఐ9.2 గానీ ఫాస్ తొలగించిన కణాలు గానీ. ఇవి నాలుగూ ఊహించినట్టు నడిస్తేనే చనిపోయిన కణాల శాతం ఫాస్ గురించి చెబుతున్నదని అనుకోవాలి.

ఫ్లోలో ఫాస్ నిండుగా కనిపించిన కణాలు సీహెచ్11కు చలించకపోతే యాంటీబాడీని తప్పుపట్టే ముందు కణం లోపలికి చూడాలి. ఎస్‌కేడబ్ల్యు6.4 వంటి కణాలలో గ్రాహకం వద్ద తయారైన కాస్పేజ్-8 నేరుగా పని ముగిస్తుంది. జర్కాట్ వంటి వాటిలో సంకేతం మైటోకాండ్రియా మీదుగా పోవాలి, కాబట్టి అక్కడ మరణాన్ని అడ్డుకునే బీసీఎల్-2 ప్రోటీన్ ఎక్కువగా ఉంటే మరణం ఆగిపోతుంది. సీ-ఫ్లిప్ అనే ప్రోటీన్ కాస్పేజ్-8నే మొదట్లో అడ్డుకోగలదు. అంటే ఉపరితలంపై ఎంత ఫాస్ ఉందన్న కొలత, కణం ఎంత సులువుగా చస్తుందన్న దానికి కొలబద్ద కాదు.

కణజాల ముక్కలపై

పారాఫిన్‌లో ఉంచిన ముక్కలకు ఆ పనిపై పరీక్షించి చూపిన క్లోన్ మాత్రమే తీసుకోవాలి. వేడితో యాంటిజెన్‌ను బయటపెట్టే దశలో ఆమ్ల సిట్రేట్, క్షార ఈడీటీఏ బఫర్లు రెండింటినీ పోల్చాలి. మానవ టాన్సిల్ ముక్క మంచి ఆధారం, ఎందుకంటే అందులో జెర్మినల్ కేంద్రపు బీ కణాలు ఫాస్‌ను నిండుగా చూపుతాయి, వాటి చుట్టూ ఉన్న మాంటిల్ వలయం చాలా తక్కువగా చూపుతుంది. రంగు పొర మీద కాకుండా కణమంతా గోధుమరంగుగా పులుముకుని ఉంటే దాన్ని ఫాస్‌గా లెక్కించడానికి తొందరపడకూడదు.

సీరంలో కొలిచేది మాత్రం వేరే వస్తువు. జన్యు సందేశంలోని ఆరో ముక్కను (ఎక్సాన్) దాటివేయడం వల్ల పొరను దాటే ముక్క లేని ఫాస్ తయారై బయటికి వస్తుంది, దానిని ఎలీజా (యాంటీబాడీలతో ద్రవంలోని ప్రోటీనును కొలిచే పరీక్ష)తో కొలుస్తారు. వెలుపలి భాగాన్ని గుర్తించే యాంటీబాడీ దీన్ని కూడా పట్టుకుంటుంది కనుక రక్తంతో నేరుగా రంగు వేసేటప్పుడు కణాలను ముందు బాగా కడగాలి.

భద్రపరచడం, నమోదు

రంగు తగిలించిన యాంటీబాడీలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చీకటిలో ఉంచాలి, గడ్డకట్టించకూడదు. పీఈ, ఏపీసీ స్వయంగా ప్రోటీన్లు కనుక గడ్డకడితే పాడవుతాయి. రంగు లేనివాటిని పత్రం అనుమతిస్తే చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 20 వద్ద ఉంచి, ఒక్కో భాగాన్ని ఒక్కసారే కరిగించాలి. సోడియం అజైడ్ హెచ్‌ఆర్‌పీ ఎంజైమును నిలిపేస్తుంది కాబట్టి బ్లాట్‌లో హెచ్‌ఆర్‌పీ తగిలించిన యాంటీబాడీని పలుచన చేసే ద్రావణంలో అది ఉండకూడదు. అజైడ్ ఉన్న ద్రవాలను సింకులో పారబోయడం కూడా తగదు, ఎందుకంటే అది సీసం, రాగి గొట్టాలలో పేలే గుణమున్న పదార్థాలుగా మారగలదు.

పుస్తకంలో రాసేటప్పుడు "సీడీ95 యాంటీబాడీ" అని రాసి వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీకే పనికిరాదు. క్లోన్ పేరు, తయారీదారు, కేటలాగు సంఖ్య, లాట్ సంఖ్య, ఆర్‌ఆర్‌ఐడీ (యాంటీబాడీకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), తగిలించిన రంగు, ఎన్ని కణాలకు ఎన్ని మైక్రోగ్రాములు వేశారన్నది, ఎంతసేపు, ఎంత ఉష్ణోగ్రత వద్ద అన్నవి ఉండాలి. కొత్త లాట్ వచ్చినప్పుడు పాత లాట్ పూర్తిగా అయిపోకముందే రెండింటినీ ఒకే రోజు, ఒకే కణాలపై పోల్చి, ఆ చిత్రాన్ని అదే పేజీలో అతికించాలి. పాలీక్లోనల్ (ఎన్నో క్లోన్ల మిశ్రమమైన) యాంటీబాడీ అయితే ఈ పోలిక చేయకుండా కొత్త సీసాతో నమూనాలను ముట్టుకోకూడదు.